పల్లెలో ఆమెకు తొందర, అతనికి ఆలస్యం

పల్లెల్లో పెళ్లిళ్లు తొందరగా అవుతాయనీ, పట్నాల్లో ఆలస్యమవుతాయనీ అందరూ అనేదే. లెక్కలు కూడా పైపైన అదే చెబుతాయి. 2019–21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం భారతదేశంలో 20–24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకముందే పెళ్లయినవారు గ్రామాల్లో 27 శాతం, పట్టణాల్లో 14.7 శాతం. కానీ ఇది ఆడపిల్లల లెక్క. అదీ పద్దెనిమిదేళ్ల గీత దగ్గర నిలబడి చూసిన లెక్క. మగవాళ్ల వైపు, ముప్ఫై దాటిన వయసుల వైపు చూపు మళ్లిస్తే అదే పల్లె వేరేలా కనిపిస్తుంది. దక్షిణ కొరియాలో 2005లో పెళ్లి చేసుకున్న రైతులు, జాలర్లలో మూడో వంతుకు పైగా విదేశీ వధువులనే చేసుకున్నారు. ఊళ్లోని అమ్మాయిలు అప్పటికే నగరాలకు వెళ్లిపోయారు.

ఆడపిల్ల పెళ్లిని వెనక్కి నెట్టేవి బడి, కాలేజీ, జీతమొచ్చే పని. మగవాడి పెళ్లిని వెనక్కి నెట్టేవి భూమి చేతికి రాకపోవడం, ఇల్లు లేకపోవడం, నిలకడైన సంపాదన లేకపోవడం. పల్లెలో మొదటి రకం తక్కువ, రెండో రకం ఎక్కువ. అందుకే ఒకే ఊళ్లో అమ్మాయికి తొందరగానూ, అబ్బాయికి ఆలస్యంగానూ పెళ్లి కావడం వింతేమీ కాదు. ఆడ, మగ విడివిడిగా చూడకుండా గ్రామానికి ఒక సగటు, నగరానికి ఒక సగటు కట్టేస్తే ఈ సంగతి మొత్తం చేజారిపోతుంది.

ఒక్క సగటులో మూడు సంగతులు

పెళ్లి వయసు అనగానే ఒక అంకె చెప్పేయడం అలవాటు. జనాభా శాస్త్రవేత్త ఆన్స్‌లీ కోల్ 1971లో ఆ అంకెను మూడు ముక్కలుగా విడదీసి చూపాడు. ఒక సమాజంలో పెళ్లిళ్లు ఏ వయసులో మొదలవుతాయి? మొదలయ్యాక ఎంత వేగంగా సాగుతాయి? చివరికి ఎంతమందికి పెళ్లవుతుంది? రెండు ఊళ్లలోనూ సగటు 23 అనుకుందాం. ఒకచోట దాదాపు అందరికీ 21–25 మధ్యే అయిపోయి ఉండవచ్చు. ఇంకోచోట సగం మందికి 17కే అయిపోయి, మిగతా సగం 29 దాకా ఆగి ఉండవచ్చు. అంకె ఒకటే అయినా రెండో ఊళ్లో బాల్యవివాహాల సమస్య ఉంది, మొదటి ఊళ్లో లేదు.

ఇక సగటును కట్టడంలోనే జరిగే తప్పు ఒకటుంది. 20–24 ఏళ్ల వాళ్లలో పెళ్లయినవారిని మాత్రమే పట్టుకుని, ఏ వయసులో అయిందని అడిగి సగటు తీస్తే అది 24 దాటడానికి వీల్లేదు. ఆలస్యంగా చేసుకోబోయేవాళ్లు ఇంకా ఆ లెక్కలోకే రాలేదు కదా. 'యువతరంలో పెళ్లి వయసు తగ్గిపోతోంది' అంటూ వచ్చే వార్తల్లో కొన్ని ఈ తప్పు నుంచే పుడతాయి.

ఈ చిక్కుకు జనాభా శాస్త్రవేత్త జాన్ హాజ్నల్ 1953లో చెప్పిన ఉపాయమే ఇప్పటికీ వాడుకలో ఉంది. పెళ్లి తేదీలు అడగనక్కర్లేదు, ఒక్కో వయసు బృందంలో ఎప్పుడూ పెళ్లి కానివాళ్ల శాతం తెలిస్తే చాలు. 15 నుంచి 49 వరకు ఐదేళ్ల బృందాలు ఏడు ఉంటాయి. ఆ ఏడు శాతాలను కూడి 5తో గుణించాలి. మొదటి పదిహేనేళ్లూ ఎవరికీ పెళ్లి కాలేదనుకుని 1500 (15 ఏళ్లు × 100 శాతం) కలపాలి. 45–49, 50–54 బృందాల శాతాల సగటును, యాభై నిండినా పెళ్లి కానివాళ్ల వాటాగా తీసుకుని, దాన్ని 50తో గుణించి మొత్తంలోంచి తీసేయాలి. మిగిలినదాన్ని, వందలోంచి ఆ వాటా పోగా వచ్చిన అంకెతో భాగించాలి.

ఊహించిన అంకెలతో ఒకసారి చేసి చూద్దాం. ఒక నగరంలో పెళ్లి కాని స్త్రీల శాతం 15–19లో 96, ఆపై బృందాల్లో వరసగా 60, 22, 8, 4, 3, 2 అనుకుందాం. కూడితే 195, ఐదు రెట్లు చేస్తే 975, దానికి 1500 కలిపితే 2475. యాభై ఏళ్లకు పెళ్లి కానివాళ్లు 2 శాతం అయితే తీసేయాల్సింది 100. మిగిలిన 2375ను 98తో భాగిస్తే 24.2 ఏళ్లు. పక్కనే ఉన్న పల్లెలో అవే శాతాలు 85, 35, 9, 4, 2, 2, 1, యాభై దగ్గర 1 అనుకుంటే అదే దారిలో 21.6 వస్తుంది. తేడా రెండున్నర ఏళ్ల పైచిలుకు. కానీ ఆ తేడా ఎక్కడ పుట్టిందో శాతాలు చూస్తేనే తెలుస్తుంది. 20–24 బృందంలో 25 పాయింట్ల వ్యత్యాసం ఉంది, ముప్ఫై ఐదు దాటాక రెండు మూడు పాయింట్లకు మించి లేదు.

ఈ పద్ధతి బలహీనతలు కూడా తెలిసే వాడాలి. పదిహేనేళ్లలోపు పెళ్లిళ్లు గణనీయంగా ఉన్నచోట 1500 అన్న ఊహే తప్పు, సగటు ఉన్నదానికన్నా ఎక్కువగా వస్తుంది. రెండోది, ఇందులో నలభై ఐదేళ్లామె, పదిహేనేళ్లమ్మాయి ఒకే మనిషి జీవితంలోని రెండు దశల్లా కలిసిపోతారు. పెళ్లి వయసు వేగంగా మారుతున్న కాలంలో ఈ కలయిక ఏ తరానికీ చెందని ఒక అంకెను ఇస్తుంది. అలాంటి చోట ఒక్కో తరాన్ని విడిగా తీసుకుని, సగం మందికి ఏ వయసుకల్లా పెళ్లయిందో చూడడం నయం.

ఇంతకన్నా పెద్ద చిక్కు వలసలతో వస్తుంది. 20–24 ఏళ్ల అమ్మాయిలు పల్లెలో వెయ్యి మంది, వారిలో 400 మందికి పెళ్లి కాలేదు. నగరంలోనూ వెయ్యి మంది, అక్కడ 600 మందికి కాలేదు. అంటే 40 శాతం, 60 శాతం. ఇప్పుడు పల్లెలోని పెళ్లి కాని వాళ్లలో 150 మంది చదువుకో పనికో నగరానికి వెళ్లారు. పల్లెలో మిగిలింది 850 మంది, అవివాహితలు 250, అంటే 29.4 శాతం. నగరంలో ఇప్పుడు 1150 మంది, అవివాహితలు 750, అంటే 65.2 శాతం. ఒక్కరి పెళ్లీ ముందుకు జరగలేదు, వెనక్కీ జరగలేదు. అయినా 20 పాయింట్ల తేడా దాదాపు 36 అయింది.

వలస వ్యతిరేక దిశలోనూ పనిచేస్తుంది. పల్లెలో పదహారేళ్లకే పెళ్లయి, భర్తతో నగరానికి వచ్చి, ఏ మురికివాడలోనో కాపురముంటున్న స్త్రీని సర్వే నగరం ఖాతాలో రాసుకుంటుంది. అడిగే రోజున ఎక్కడుంటే అదే ఆమె నివాసం. భారతదేశంలో ఆడవాళ్లు ఊరు మారడానికి అతి పెద్ద కారణం పెళ్లే కాబట్టి ఇది చిన్న సంఖ్య కాదు. ఒక వలస తేడాను పెంచుతుంది, మరొకటి తగ్గిస్తుంది. రెండూ కలిసి నికరంగా ఎటు తూగాయో తెలియాలంటే 'పన్నెండేళ్ల వయసులో ఎక్కడ పెరిగారు' అన్న ప్రశ్న వేసి ఉండాలి. ఆ ప్రశ్న లేని పట్టికలోంచి 'నగర జీవితం పెళ్లిని ఆలస్యం చేస్తుంది' అన్న నిర్ణయానికి దూకకూడదు.

చెప్పిన వయసు నిజమా అన్న అనుమానం ఎలాగూ ఉంటుంది. జవాబులు 18, 20, 25 దగ్గర గుట్టలు పడతాయి. పద్దెనిమిది దగ్గర గుట్టకు మరిచిపోవడంతో పాటు చట్టమంటే భయం కూడా కారణం. మొదటి కాన్పు తేదీతో సరిచూస్తే కొంత బయటపడుతుంది. పెళ్లి ఒక ఏడు జరిగి, కాపురం కొన్నేళ్లకు మొదలయ్యే ప్రాంతాల్లో ఏ తేదీని పెళ్లి అనాలన్నది ముందే తేల్చుకోవాలి. ఉత్తర భారతంలోని గౌనా ఇందుకు ఉదాహరణ. మన దేశంలో జనన మరణాల లెక్క తీసే ప్రభుత్వ నమూనా నమోదు వ్యవస్థ (ఎస్‌ఆర్‌ఎస్) లెక్కకట్టేది కాపురం మొదలైన వయసునే. బాల్యవివాహాల సర్వేలు అడిగేది వేరు కావచ్చు. ఈ రెండు అంకెలను పక్కపక్కన పెట్టి పోల్చకూడదు.

ఆడ, మగ పోలికలో ఇంకో ఉచ్చు ఉంది. మొదట్లో చెప్పిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 18 లోపు పెళ్లయిన స్త్రీలు 23.3 శాతం, 21 లోపు పెళ్లయిన పురుషులు 17.7 శాతం. రెండూ దగ్గరగా ఉన్నాయి కదా, అబ్బాయిల పరిస్థితీ అంతే అనిపిస్తుంది. కానీ మొదటిది 20–24 ఏళ్ల వారిని 18 దగ్గర కొలుస్తుంది, రెండోది 25–29 ఏళ్ల వారిని 21 దగ్గర కొలుస్తుంది. గీతలే మూడేళ్ల తేడాతో ఉన్నాయి. ఇద్దరికీ పద్దెనిమిదే గీత పెట్టి చూసిన యునిసెఫ్ 2019 అంచనాలో ప్రపంచవ్యాప్తంగా ప్రతి అయిదుగురు అమ్మాయిల్లో ఒకరికి, ప్రతి ముప్ఫై మంది అబ్బాయిల్లో ఒకరికి బాల్యంలో పెళ్లయింది. అసలు దూరం అదీ.

ఆడపిల్ల పెళ్లి దేనివల్ల ఆగుతుంది

చదువుకున్న అమ్మాయికి ఆలస్యంగా పెళ్లవుతుందన్నది ప్రతి దేశంలోనూ కనిపిస్తుంది. చదువు వల్ల పెళ్లి ఆగిందా, పెళ్లి వల్ల చదువు ఆగిందా అన్నది మాత్రం వెంటనే తేలదు. బడి మానిన సంవత్సరాన్నీ పెళ్లయిన సంవత్సరాన్నీ పక్కపక్కన పెట్టి చూడడం ఒక మార్గం. రెంటికీ మధ్య రెండు మూడేళ్ల ఖాళీ ఉంటే, అమ్మాయి ముందు బడికి దూరమైంది, ఇంట్లో ఖాళీగా ఉంది, తర్వాత సంబంధం చూశారు. అక్కడ ఉన్నత పాఠశాల దూరం, దారి భద్రత, రవాణా ముఖ్యమైన విషయాలు. రెండూ ఒకే సంవత్సరంలో జరిగి ఉంటే సంబంధమే ఆమెను బడిలోంచి లాగింది. అక్కడ బడి కట్టినంత మాత్రాన మార్పు రాదు. ప్రాథమిక పాఠశాల చాలా ఊళ్లలోనే ఉంటుంది, పై తరగతులు పొరుగూళ్లో ఉంటాయి. అమ్మాయి ఈడుకు వచ్చే వయసూ, ఊరు దాటి బడికి వెళ్లాల్సిన వయసూ ఒకటే కావడం పల్లెల ప్రత్యేక సమస్య. నగరంలో ఆ మలుపు ఇంత పదునుగా ఉండదు.

పని దొరికే అవకాశం చూపించే ప్రభావాన్ని ఆర్థికవేత్త రాబర్ట్ జెన్సన్ ఒక ప్రయోగంతో కొలిచాడు. ఢిల్లీకి 50–150 కిలోమీటర్ల దూరంలోని 160 గ్రామాలను తీసుకుని, లాటరీ పద్ధతిలో ఎంచిన సగం గ్రామాలకు మూడేళ్ల పాటు కాల్ సెంటర్ల వంటి సంస్థలకు ఉద్యోగులను వెతికిపెట్టే వాళ్లను పంపాడు. వాళ్లు ఆడవాళ్లకు ఏయే ఉద్యోగాలున్నాయో చెప్పారు, ఇంటర్వ్యూలకు సాయం చేశారు. అంతే. ఎవరికీ డబ్బివ్వలేదు, పెళ్లి గురించి ఒక్క మాటా మాట్లాడలేదు. 2012లో వచ్చిన ఫలితాల్లో 15–21 ఏళ్ల అమ్మాయిలకు పెళ్లయ్యే అవకాశం మిగతా గ్రామాలకన్నా 5–6 పాయింట్లు తగ్గింది. ఊళ్లు మారలేదు, కులాలు మారలేదు, బడులు మారలేదు. మారింది అమ్మాయి ముందు కనిపించే దారి. నగరం పెళ్లిని ఆలస్యం చేసేది కూడా ప్రధానంగా ఈ దారి వల్లే తప్ప ఎత్తయిన మేడల వల్ల కాదు. బంగ్లాదేశ్‌లో దుస్తుల కర్మాగారాలకు దగ్గరగా ఉన్న పల్లెల్లో అమ్మాయిల పెళ్లిళ్లు వెనక్కి జరిగిన తీరూ ఇదే చెబుతుంది.

పల్లెకే సొంతమైన ఇంకో అంశం వాన. కరువు వస్తే ఆడపిల్ల పెళ్లి ముందుకు జరుగుతుందా, వెనక్కి జరుగుతుందా? ఊహ ఎటైనా వెళ్లవచ్చు. ఆర్థికవేత్తలు కోర్నో, హిల్డెబ్రాంట్, వోయేనా 2020లో ప్రచురించిన పరిశోధన రెండు జవాబులూ నిజమేనని తేల్చింది. సహారా దిగువ ఆఫ్రికాలో కరువు ఏడాది బాల్యవివాహాలు పెరిగాయి, భారతదేశంలో తగ్గాయి. కారణం డబ్బు పారే దిశ. అక్కడ వరుడి వైపు నుంచి అమ్మాయి ఇంటికి కన్యాశుల్కం వస్తుంది, పంట పోయినవాడికి అది ఆదాయం. ఇక్కడ కట్నం ఇచ్చుకోవాలి, పంట పోయినవాడి దగ్గర అది ఉండదు. 'పేదరికం వల్ల తొందరగా పెళ్లి చేస్తారు' అన్న మాట ఎక్కడైనా వర్తిస్తుందనుకునే వాళ్లకు ఈ ఫలితం కొరుకుడు పడదు. ఒకే విపత్తుకు రెండు ఖండాల్లో రెండు రకాల సాయం కావాలి. ఒకచోట కరువు నెలల్లోనే తక్షణ నగదు కావాలి. ఇంకోచోట కరువు తీరి పంట బాగా వచ్చిన ఏడాదే జాగ్రత్తగా ఉండాలి, వాయిదా పడ్డ పెళ్లిళ్లు అప్పుడు జరుగుతాయి.

మగవాడు దేనికోసం ఆగుతాడు

వ్యవసాయ సమాజాల్లో మగవాడి పెళ్లి భూమితో ముడిపడి ఉంటుంది. 1845–49 కరువు తర్వాత ఐర్లండ్‌లో కమతాన్ని ముక్కలు చేయకుండా ఒక్క కొడుక్కే ఇచ్చే పద్ధతి బలపడింది. తండ్రి పొలం అప్పజెప్పేదాకా ఆ కొడుకు పెళ్లి చేసుకోలేడు. మిగతా కొడుకులకు పొలమే లేదు. ఇరవయ్యో శతాబ్దపు మొదటి సగానికి అక్కడ మధ్యవయసు దాటినా పెళ్లి కాని మగవాళ్లు నాలుగో వంతు మించారు. పల్లె అంటే తొందర పెళ్లి అన్న సూత్రాన్ని ఈ ఒక్క దేశమే తలకిందులు చేస్తుంది. హాజ్నల్ 1965లో రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ నుంచి ఇటలీలోని ట్రియెస్ట్ దాకా ఒక ఊహారేఖ గీసి, దానికి పడమర ఉన్న యూరప్‌లో నగరాలు పెరగకముందే పెళ్లిళ్లు ఆలస్యమని చూపాడు. సొంత కాపురం పెట్టగలిగితేనే పెళ్లి అన్న నియమం అక్కడి పల్లెల్లోనే పుట్టింది.

ఫ్రాన్స్‌లోని బెయార్న్ ప్రాంతంలో సమాజ శాస్త్రవేత్త పియర్ బూర్డ్యూ 1962లో వెలువరించిన అధ్యయనం ఇంకో కోణం చూపింది. అంతకుముందు పెళ్లి కాకుండా మిగిలిపోయేది ఆస్తి దక్కని చిన్న కొడుకులు. యుద్ధం తర్వాత కాలానికి పొలం దక్కిన పెద్దకొడుకులే మిగిలిపోవడం మొదలైంది. అమ్మాయిలు పట్నం వైపు చూడసాగారు. ముప్ఫై దాటిన రైతులు ఊరి నాట్యాల దగ్గర అంచున నిలబడి చూస్తూ ఉండిపోయేవారని ఆయన వర్ణించాడు. పొలం ఒకప్పుడు సంబంధాన్ని తెచ్చే ఆస్తి, ఇప్పుడు మనిషిని ఊరికి కట్టిపడేసే బరువు. కొరియా, జపాన్ పల్లెల్లోనూ తర్వాతి దశాబ్దాల్లో జరిగింది ఇదే.

నగరంలో మగవాడికి పొలం స్థానంలో ఇల్లు వచ్చి కూర్చుంటుంది. ఈజిప్టులో పాత అద్దె చట్టం అద్దెలను ఏళ్ల తరబడి ఒకేచోట బిగించేసింది. అద్దెకిచ్చిన ఇల్లు తిరిగి చేతికి రాదు కాబట్టి యజమానులు ఫ్లాట్లను ఖాళీగా ఉంచుకునేవారు. వరుడు పెద్ద మొత్తం ముందే చెల్లిస్తే తప్ప ఇల్లు దొరికేది కాదు, ఇల్లు లేకపోతే పెళ్లి లేదు. 1996లో వచ్చిన చట్టం కొత్త ఒప్పందాలకు గడువు, మార్కెట్ అద్దె అనుమతించింది. ఆ తర్వాత మగవాళ్ల పెళ్లి వయసులో పెరుగుదల తిరగబడిందని ఆర్థికవేత్తలు చూపారు. పెళ్లితో ఏ సంబంధమూ లేనట్టు కనిపించే చట్టం చేసిన పని ఇది.

వధూవరుల వయసు తేడా ఒక లెక్క

మగవాళ్లు తమకన్నా ఐదేళ్లు చిన్నవాళ్లను చేసుకుంటారనీ, జననాలు ఏటా 2 శాతం పెరుగుతున్నాయనీ అనుకుందాం. వెయ్యి మంది మగవాళ్లకు ఎదురుగా, ఐదేళ్ల తర్వాత పుట్టిన ఆడవాళ్లు 1104 మంది. వంద మందికి పైగా వరుళ్లు తక్కువ. అదే జననాలు ఏటా 2 శాతం తగ్గుతుంటే ఎదురుగా ఉండేది 904 మందే, ఈసారి వధువులు తక్కువ. వయసు తేడా రెండేళ్లే అయితే ఈ అంకెలు 1040, 960. వయసు తేడా ఎంత పెద్దదైతే జనాభా ఎదుగుదలలో మార్పు అంత గట్టిగా పెళ్లిళ్ల మీద పడుతుంది. ఒత్తిడికి సమాజం మొదట చేసే సర్దుబాటు కూడా ఆ తేడాను తగ్గించడమే. అమెరికాలో 1890లో మొదటి పెళ్లి నాటికి మగవాళ్ల మధ్యస్థ వయసు (సగం మందికి ఆ లోపు, సగం మందికి ఆ తర్వాత పెళ్లయిన వయసు) 26.1, ఆడవాళ్లది 22, తేడా నాలుగేళ్లు. 2023లో 30.2, 28.4, తేడా రెండేళ్లలోపే. మధ్యలో 1956లో ఇద్దరి వయసులూ 22.5, 20.1కి దిగాయన్నది కూడా గుర్తుంచుకోవాలి. ఆధునికత పెరిగేకొద్దీ పెళ్లి వయసు తిన్నగా పైకే వెళ్తుందన్న నమ్మకానికి అది అడ్డు తగులుతుంది.

వధువుల కొరత వచ్చినప్పుడు అది ఊళ్లన్నిటి మీదా సమానంగా పడదు. అమ్మాయి కుటుంబం కాస్త మెరుగైన సంబంధం కోసం చూస్తుంది. కాబట్టి మారుమూల పల్లె అమ్మాయి రోడ్డు పక్క ఊరికి, అక్కడి అమ్మాయి పట్నానికి వెళ్తారు. కొరత మెట్టు మెట్టుగా కిందికి దిగి, చివర్లో భూమి తక్కువున్న, చదువు తక్కువున్న పల్లె మగవాడి దగ్గర ఆగుతుంది. చైనాలో 2010 జనగణన నాటికి నూరుమంది ఆడశిశువులకు 118 మంది మగశిశువులు పుట్టారు. ఆ కొరత ఎక్కువగా వెళ్లి పడేది పేద గ్రామాల మీదే. ఎగువన ఉన్న నగరంలో పరిస్థితి దీనికి ఎదురు. అక్కడ బాగా చదువుకున్న అమ్మాయిలకు తమకు సమానమైనవాడో, పైవాడో దొరకడం కష్టమవుతుంది. 'పైస్థాయి వరుడు' అన్న ఒకే నియమం పల్లెలో అట్టడుగు మగవాడినీ, నగరంలో పైమెట్టు ఆడదాన్నీ ఒంటరిగా మిగులుస్తుంది. దక్షిణ కొరియాలో 2023లో మొదటి పెళ్లి సగటు వయసు మగవాళ్లకు 34, ఆడవాళ్లకు 31.5. ఈ సగటు వెనుక ఆ రెండు రకాల నిరీక్షణలూ ఉన్నాయి.

గీత గీస్తే ఏమవుతుంది

కనీస వయసు చట్టాల చరిత్రలో ఒకే తప్పు పదేపదే కనిపిస్తుంది. చట్టాన్ని ప్రకటించడానికీ అమలుకూ మధ్య ఖాళీ వదలడం. శారదా చట్టంగా పేరుపడిన బాల్యవివాహ నిరోధక చట్టం 1929 సెప్టెంబరులో ఆమోదం పొంది, 1930 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చింది. అమ్మాయిలకు 14, అబ్బాయిలకు 18. ఆ ఆరు నెలల్లో గడువులోపు చేసేయాలని పసిపిల్లలకు కూడా పెళ్లిళ్లు చేశారు. 1931 జనగణనలో బాల్యవివాహితుల సంఖ్య పైకి ఎగబాకింది. చట్టం వల్ల సంఖ్య పెరిగిందని అంకెను మాత్రమే చూసినవాళ్లు అనుకోవచ్చు.

చైనా అనుభవం ఇంకా విచిత్రం. 1970లలో అక్కడ అధికారులు గ్రామాల్లో ఆడవాళ్లకు 23, మగవాళ్లకు 25 వచ్చేదాకా పెళ్లి వద్దని ఒత్తిడి తెచ్చేవారు. నగరాల్లో ఆడవాళ్లకు 25, మగవాళ్లకు ఇంకా పైన. ఆడ–మగ, గ్రామం–నగరం అన్న రెండు తేడాలనూ నియమంగా రాసుకున్న అరుదైన ప్రయత్నం అది. 1980లో వచ్చిన వివాహ చట్టం కనీస వయసును ఆడవాళ్లకు 20, మగవాళ్లకు 22గా పెట్టింది. పాత చట్టంతో పోలిస్తే ఇది పెంపే. కానీ క్షేత్రంలో నడుస్తున్న నియమంతో పోలిస్తే తగ్గింపు. ఫలితంగా 1980ల మొదట్లో పెళ్లిళ్లు వెల్లువెత్తాయి, సగటు వయసు దిగింది.

ఇండోనేషియా 2019లో అమ్మాయిల కనీస వయసును 16 నుంచి మగవాళ్లతో సమానంగా 19కి పెంచింది. అయితే కోర్టు అనుమతిస్తే అంతకన్నా ముందే చేసుకోవచ్చన్న మినహాయింపును ఉంచింది. 2020లో ఆ మినహాయింపు దరఖాస్తులు 60 వేలు దాటాయి. దొంగచాటుగా జరిగేవి కొన్ని కోర్టు పుస్తకాల్లోకి రావడం మంచిదే కావచ్చు. కానీ మినహాయింపు ఎంత తేలిగ్గా దొరుకుతుందన్న దాన్ని బట్టే చట్టం విలువ ఉంటుంది. ఇక ఆడవాళ్లకు తక్కువ, మగవాళ్లకు ఎక్కువ కనీస వయసు పెట్టే చట్టాలు వయసు తేడా సహజమేనని ముద్ర వేస్తాయి. భారతదేశంలో 1978 నుంచి 18, 21 అన్న లెక్క నడుస్తోంది. ఆడవాళ్లకూ 21 చేయాలన్న 2021 నాటి బిల్లు 2024లో లోక్‌సభ గడువుతో పాటే మురిగిపోయింది. నేపాల్ ఇద్దరికీ 20 పెట్టుకుంది.

డబ్బు ఆశ చూపే పథకాల్లో హర్యానా 1994లో మొదలుపెట్టిన 'అప్నీ బేటీ అప్నా ధన్' నుంచి నేర్చుకోవాల్సింది చాలా ఉంది. పుట్టిన ఆడపిల్ల పేరున పొదుపు పత్రం కొని, పద్దెనిమిదేళ్లకు ఆమెకు పెళ్లి కాకుండా ఉంటే 25,000 రూపాయలు ఇచ్చేలా రూపొందించారు. 2012లో మొదటి విడత అమ్మాయిలు అర్హులయ్యాక చేసిన మదింపులో పద్దెనిమిదిలోపు పెళ్లిళ్లు చెప్పుకోదగ్గంత తగ్గలేదని తేలింది. పైగా పద్దెనిమిదో ఏటే పెళ్లయ్యే అవకాశం పెరిగింది. చాలా ఇళ్లలో ఆ డబ్బును పెళ్లి ఖర్చు కిందే చూశారు. చివర్లో ఒకేసారి వచ్చే పెద్ద మొత్తం పెళ్లికి ముహూర్తం పెట్టినట్టే అయింది. బంగ్లాదేశ్‌లో జరిగిన ఒక ప్రయోగంలో దీనికి భిన్నంగా, అమ్మాయికి పెళ్లి కాకుండా ఉన్నంతకాలం, పద్దెనిమిది నిండేదాకా, కొన్ని నెలలకోసారి వంటనూనె ఇచ్చారు. విలువ చిన్నదే, పెళ్లికి దాచుకునేది కాదు, వంటింట్లో అయిపోయేది. అక్కడ బాల్యవివాహాలు తగ్గాయి. దాంతోపాటే నడిపిన చైతన్య శిక్షణ మాత్రం పెళ్లి వయసును కదిలించలేదు. ఊరూరా అవగాహన సదస్సులు పెట్టి పని అయిపోయిందనుకునే శాఖలకు ఈ చివరి ఫలితం రుచించకపోవచ్చు.

ఇలాంటి పథకాన్ని మదింపు చేసేవాళ్లు '18 లోపు' అన్న శాతంతో ఆగకుండా 18, 19, 20, 21 ఏళ్లకు విడివిడిగా పెళ్లిళ్లు లెక్కించాలి. 17 దగ్గరి గుట్ట అలాగే 18కి జరిగి, 21 నాటికి పెళ్లయినవాళ్ల శాతం పాతదే ఉంటే, పథకం కదిపింది తేదీని మాత్రమే. బడిలో గడిపిన ఏళ్లూ, పనిలో గడిపిన ఏళ్లూ అదే పట్టికలో పక్క గడిలో ఉండాలి. అబ్బాయిల గడి కూడా ఉండాలి. ముప్ఫై ఐదు నిండిన, పెళ్లి కాని మగవాళ్ల శాతం మండలాల వారీగా తీస్తే ఆడపిల్లలు ఏ ఊళ్ల నుంచి వెళ్లిపోతున్నారో చాలావరకు అక్కడే బయటపడుతుంది.